ఈ పేజీ అయినాక గిద్దలూరు

మా ఎదురింటి చెల్లెమ్మ పోయిందని మంగళవారం పొద్దున పాలాయన చెప్పాడు. నమ్మలేదు. ముందురోజు సాయంత్రమే నాచేత ఒక పేరా అప్పజెప్పించుకుంది.

చెల్లెమ్మంటే రక్తసంబంధం కాదు. మార్కాపురంలో ఎదురెదురు ఇళ్లుంటే వరస దానంతటదే కలుస్తుంది. ఆమె పాలిటెక్నిక్‌లో కంప్యూటర్లు చెప్పి రిటైరైంది. తర్వాత జీతం లేని పనొకటి నెత్తికెత్తుకుంది. కంప్యూటర్‌ను నడిపే మూల ప్రోగ్రాం ఒకటుంటుంది, కెర్నల్ అంటారు. అది మెమరీని ఎవరికిస్తుందో, ఎప్పుడు వెనక్కి లాక్కుంటుందో వివరించే పేజీలు లోకమంతా చదువుతుంది. వాటిలో ఆ లాక్కునే పద్ధతి రాసిన పేజీ ఈమెది. ప్రోగ్రాం రాసేవాళ్లు దాన్ని మారుస్తూనే ఉంటారు. మారినప్పుడల్లా పేజీ అబద్ధమైపోతుంది.

రాసింది తెలుగులో నాకు చెప్పి, తిరిగి చెప్పించుకోవడం ఆమె అలవాటు. బడిలో కాదు, పలకల ఫ్యాక్టరీ పనిలో చదువుకున్నవాణ్ణి నేను. నేనెక్కడ తడబడితే అక్కడ వాక్యం కొట్టేసేది. "తప్పు నీది కాదన్నా, వాక్యం కుంటుతాంది" అనేది.

ఒకరోజు, లోపల సరుకును కెర్నల్ వేరేచోటికి జరిపినా ప్రోగ్రాంకు మాత్రం పాత చిరునామానే ఉంటుందని చెప్పింది.

"అదేం వింత? నేను కర్నూలు జిల్లాలో పుట్టినాను, ఒంగోలు జిల్లాలో బడి మానేసినాను, ప్రకాశంలో ముసిలోణ్ణయినాను. ఇల్లు మటుకు అదే" అన్నాను.

"నీది తిరగబడిన కథన్నా. నువ్వు కదల్లేదు, చిరునామా కదిలింది" అని నవ్వింది.

కదలనిది నేనొక్కణ్ణే కాదు. చెల్లెమ్మకు గుండె బాగాలేదు, ఒంటరిగా ఉండొద్దని డాక్టర్ చెప్పాడు. గిద్దలూరులో ఉన్న వాళ్లక్క రోజూ ఫోన్ చేసేది. "ఈ పేజీ అయినాక వస్తానక్కా" అని ఈమె జవాబు. సర్దిన సంచి గుమ్మం పక్కనే ఉండేది. మెమరీ ముక్కలను రెండు వరుసల్లో పెడతారని రాసి ముగించేలోపు, ప్రోగ్రాం రాసేవాళ్లు వరుసలు తీసి తరాలుగా విడగొట్టే పద్ధతి తెచ్చారు. ఇంకోసారి ఆటో వాకిట్లో నిలబడి ఉంది. చెప్పులేసుకుని తాళం చేతబట్టుకుంది. ఫోన్ మోగింది, పద్ధతి మళ్లీ మారిందని కబురు. నిలబడే చదువుకుని చెప్పులు విడిచింది.

"ఇంకెవరికన్నా ఈ పని అప్పజెప్పమ్మా" అన్నాను.

"అడిగినానన్నా. ప్రోగ్రాం రాస్తామనేటోళ్లే అందరూ. తప్పుదారి చూపే బోర్డు పాతిపెట్టి నేనెట్ల రైలెక్కేది?"

సోమవారం నేను తడబడలేదు. పేరా పంపేసి సంచి జిప్పు లాగి చూసుకుంది. "రేపు పోతానన్నా" అంది.

మంగళవారం వాళ్లక్కే వచ్చింది. అంతా అయ్యాక నన్నడిగింది: "దాన్ని ఇంతకాలం కదలనీయంది ఏందన్నా?"

చెల్లెమ్మకు చెప్పినట్టే ఆ చివరి పేరా అప్పజెప్పాను. ఈపాటికి అదీ మారిపోయి ఉంటుంది. వాళ్లక్క కడదాకా విని, "అర్థమైంది" అంది. చెల్లెమ్మ ఉంటే ఎంత సంబరపడేదో.

వాళ్లక్క ఆ సంచి తీసుకుని ఆటో ఎక్కింది. గుమ్మం దగ్గర నల్లబండల గచ్చంతా నడిచి నడిచి తెల్లబారింది. సంచి ఉన్నంత మేర మాత్రం కొత్త పలకలా నల్లగా ఉంది.