గుర్రపుమనిషి వెనక కాళ్లు

మా పీలియన్ కొండ మీద మంచు కురిసినా మన్ను కురిసినా, ఈస్టర్ పండగకు చేసే పెద్ద ఉపవాసాలకు ముందు వచ్చే ఆఖరి ఆదివారం గుర్రపుమనిషి వేషం వీధుల్లోకి దిగి తీరాల్సిందే. నడుము దాకా మనిషి, ఆ కింద నాలుగు కాళ్ల గుర్రం. అలాంటివాళ్లు పూర్వం ఈ అడవుల్లోనే తిరిగేవాళ్లట. వాళ్లలో పెద్దమనిషి ఒక్కడే, కైరోన్; గుహలో కూర్చుని రాజుల బిడ్డలకు వైద్యమూ వీణా నేర్పాడు. మిగతా మందంతా ఒట్టి తాగుబోతులు. పెళ్లికి పిలిస్తే, ద్రాక్షసారా వాసన తగలగానే ఒళ్లు మరిచిపోయి పెళ్లికూతుర్నే ఎత్తుకుపోబోయిన రకం. మా ఊరి వేషం ఈ రెండో రకానిది. పెద్దమనిషి వేషం కడితే ఎవరు నవ్వుతారు చెప్పండి?

వేషానికి ఇద్దరు కావాలి. ముందు కాళ్లు, ఛాతీ, గడ్డం, నోరు కాఫీ కొట్టు రిగాస్‌వి. వెనక కాళ్లు ఆర్గిరిస్‌వి. ఆర్గిరిస్ కంచరగాడిదలు తోలేవాడు. మా పై వాడకు బండి దారి లేదు, రాళ్లు పరిచిన మెట్ల దారే. ఇటుకల నుంచి పెళ్లి మంచం దాకా ఏది పైకి ఎక్కాలన్నా అతని గాడిదల వీపు మీదే ఎక్కాలి. మనిషి బంగారం, కానీ నోట్లో నాలుక లేదు. గాడిదలతో పూటంతా కబుర్లాడేవాడు. మనిషి ఎదురైతే టోపీ తీసి తల గోక్కునేవాడు.

అలాంటివాడు దుప్పటి కింద నడుము వంచి, రిగాస్ బెల్టు పట్టుకుని, వయసులో ఉన్నప్పటి నుంచి జుట్టు నెరిసేదాకా ఏటా ఊరంతా తిరిగాడు. ఆడవాళ్లు రిగాస్ నోట్లో సారా పోసేవాళ్లు. వెనక భాగానికి గుప్పెడు ఎండుగడ్డి పెట్టేవాళ్లు. ఊరు అతనికి పెట్టిన పేరు తోక.

"ఏమోయ్ తోకా, ఈ ఏటి గడ్డి ఎలా ఉంది?" అని మర్నాడు కాఫీ కొట్టులో అడిగేవాళ్లు. అతనూ వాళ్లతోపాటు నవ్వేవాడు. లోపల మాత్రం ఒక్క ఏడు, ఒక్కటంటే ఒక్క ఏడు, తను ముందు నిలబడాలని కోరిక. అది గొప్ప కోసం కాదు. ఆ రోజు గుర్రపుమనిషి ఏమన్నా ఎవరూ కోపగించుకోకూడదు, అది మా ఊరి కట్టుబాటు. బిషప్పు గడ్డాన్ని వెక్కిరించినా సరే, ఊళ్లో పెద్ద కుటుంబాల గుట్టు రట్టు చేసినా సరే. నోరు పెగలని మనిషికి అంతకంటే మంచి రోజు ఏముంటుంది?

అతనికి చెప్పాల్సిన మాట ఒక్కటే. అది మలామోతో చెప్పాలి.

మలామో పై వాడలో చిట్టచివరి ఇంటి మనిషి. ఓడ మీద పనిచేసే మొగుడు పెళ్లయిన కొద్దికాలానికే సముద్రంలో పోతే, నల్లబట్టలు కట్టుకుని పుట్టింటికి వచ్చింది. ఆ రోజు ఆమె పెట్టెని పైకి చేర్చింది ఆర్గిరిస్ గాడిదే. దారి పొడవునా ఆమె ఏడవలేదు. గుమ్మం దగ్గర మాత్రం గాడిద మెడ నిమిరి, "పాపం, ఎంత బరువు మోశావే" అంది. అంతే. ఆ ఒక్క మాటకి ఈ మొద్దు మనిషి జీవితాంతానికి ఆమె మీద మనసు పారేసుకున్నాడు. నల్లబట్టల్లో ఉన్న మనిషిని ఎలా అడుగుతానని కొన్నేళ్లు, తన అమ్మ మంచాన పడిందని కొన్నేళ్లు, ఇక ఆ తర్వాత అలవాటు. ఏటా ఆదివారం నాడు ఆమె గుమ్మం ముందు రిగాస్ గొంతు చించుకునేవాడు:

"మలామో! ఎక్కు నా వీపు మీదికి, ఎత్తుకుపోతా!"

"నీ వీపు విరుగుతుంది గానీ, ముందు ఇంత మేత తిని రా!" అని ఆమె అక్రోటుకాయలు విసిరేది. ఊరు విరగబడి నవ్వేది. ఎక్కమన్న నోరు రిగాస్‌ది. ఎక్కాల్సిన వీపు ఆర్గిరిస్‌ది.

అలా ఏళ్లు గడిచాక ఒక ఏడు చలికాలంలో కబురు తెలిసింది. మలామో చెల్లెలి కూతురు పిరేయస్ రేవులో కవలల్ని కన్నదట, మొగుడు ఓడల మీద తిరుగుతాడట, పిల్లల్ని సాకడానికి ఈస్టర్ వెళ్లగానే మలామో వెళ్లిపోతోందట. ఇక రాదట.

అదే ఏడు డాక్టరు రిగాస్‌ని పట్టుకుని, నీ గుండె బాగాలేదు, గంతులు మానుకోమన్నాడు. కాఫీ కొట్టులో అందరూ తలలు పట్టుకుని కూర్చున్నారు. మూలనుంచి ఆర్గిరిస్ లేచాడు.

"ముందు నేనుంటా."

"నువ్వా? తోక తలకాయవుతుందా?" రిగాస్ కళ్లు పెద్దవి చేశాడు. "ఏం మాట్లాడతావురా నాయనా? సకిలిస్తావా?"

"మాట్లాడతా."

రిగాస్ అతన్ని కాసేపు ఎగాదిగా చూసి, తన గడ్డం వేషం తెచ్చి చేతిలో పెట్టాడు. వెనక కాళ్లకి రొట్టెల స్టెర్యోస్ ఒప్పుకున్నాడు.

ఆదివారం వచ్చింది. ఇన్నేళ్లూ చెప్పులూ రాళ్లూ తప్ప ఏమీ చూడని మనిషి మొదటిసారి తలెత్తి మొహాలు చూశాడు. కింది వాడలో అతని వెటకారాలు ఒక్కటీ పేలలేదు. "తోకకి నోరొచ్చిందిరోయ్, మాటలే రాలేదు!" అని పిల్లలు ఈలలు వేశారు. అతనికేం పట్టలేదు. పోసిన సారా తాగుతూ పైకి నడిచాడు, ఊరంతా వెనకాలే ఎక్కింది. మలామో గుమ్మంలో ఉంది. చేతిలో అక్రోటుకాయల గిన్నె.

"మలామో, వెళ్లకు," అన్నాడు. "నన్ను చేసుకో. నువ్వు నల్లబట్టలతో కొండెక్కిన రోజునుంచి నువ్వంటే నాకు ప్రాణం."

అంతలో వెనక స్టెర్యోస్ గట్టిగా సకిలించి కాళ్లు ఝాడించాడు. ఇంకేముంది, వాడంతా గొల్లుమంది. మలామో కూడా తలగుడ్డ అంచు నోటికి అడ్డం పెట్టుకుని కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది.

"ఈ ఏడు గుర్రానికి మేత ఎక్కువైంది! కళ్లెమేదీ, తెచ్చావా?" అంటూ గిన్నెడు కాయలూ అతని మీద కుమ్మరించింది.

గోడ మీద కూర్చున్న రిగాస్ చప్పట్లు కొట్టాడు. "భలే! నాకంటే బాగా చెప్పావురా, నిజమేననుకున్నా!"

అప్పుడు తెలిసింది ఆర్గిరిస్‌కి తను చేసిన పొరపాటు. ఏ మాటైనా అనగలిగిన రోజున ఏ మాటకీ విలువ ఉండదు. సగం జీవితం దాచుకున్న మాటని తీసుకెళ్లి నవ్వులపాలు చేసుకున్నాడు. మీసాల కింద పెదవి అదిరింది. గడ్డం వేషం అడ్డంగా ఉంది కాబట్టి ఎవరూ చూడలేదు.

మర్నాడు సోమవారం, ఉపవాసాల తొలి రోజు. ఊరు ఊరంతా ఆనవాయితీగా గాలిపటాలు ఎగరేయడానికి మిట్ట మీదికి పోయింది. ఆర్గిరిస్ గాడిదల్ని కూడా వదిలేసి ఒంటరిగా మెట్లెక్కాడు. మలామో వాకిట్లో కత్తితో ఆకుకూర కోస్తోంది.

"ఏం ఆర్గిరీ, దారి తప్పావా?"

టోపీ తీశాడు. తల గోక్కున్నాడు. "నిన్న నేనన్నది..."

"నిన్నటి మాట నిన్నటితో సరిగా!"

"అందుకే ఇవాళొచ్చా." ఆ మాటలే మళ్లీ అన్నాడు. తడబడుతూ, నేల చూస్తూ, కానీ మొత్తం అన్నాడు.

మలామో నవ్వలేదు. కత్తి పక్కన పెట్టింది.

"నిన్న అందరితోపాటు నవ్వానయ్యా. ఏం చెయ్యమంటావు? నవ్వకపోతే నా మొహం చూసి ఊరంతటికీ తెలిసిపోదూ?"

"ఏం తెలుస్తుంది?"

"మొద్దు! అందరి గుమ్మాల ముందూ ఆ వెనక కాళ్లు తన్నేవి, చిందులేసేవి. నా గుమ్మం దగ్గర కదలకుండా నిలబడేవి. నాకు తెలీదనుకున్నావా? మర్నాడైనా వస్తావేమోనని ఏటా ఈ సోమవారం వాకిలి ఊడ్చుకుని కూర్చునేదాన్ని. ఏదీ, ఎవరొచ్చారు?"

"మరి నువ్వైనా చెప్పొచ్చుగా!"

"నేనా? మొగుడు పోయినదాన్ని, ముందు నోరు తెరిస్తే ఈ ఊరు బతకనిస్తుందా? మీ మగాళ్లకైతే ఒక ఆదివారం ఉంది. నాకేముంది?"

అతను అరుగు మీద కూలబడ్డాడు. "ఇప్పుడైనా ఉండిపో, మలామో."

ఆమె కళ్లు తుడుచుకుని, "ఆ పిల్ల ఇద్దరు పసివాళ్లతో ఒంటరిగా నాకోసం ఎదురుచూస్తోంది. మాటిచ్చాను. నీ మాట ఆలస్యమైందని నా మాట తప్పమంటావా?" అంది.

మిట్ట మీదినుంచి పిల్లల కేకలు వినిపిస్తున్నాయి.

"సామాన్లు ఎప్పుడు దింపాలి?" అన్నాడు చివరికి.

"ఎవర్ని పిలవాలా అని చూస్తున్నా. నిన్ను పిలవడానికి నోరు రాలేదు."

"నేనే దింపుతా. వేరేవాళ్లయితే నీ మగ్గం విరగ్గొడతారు."

ఈస్టర్ వెళ్లిన వారం మగ్గం, పెట్టె, దుప్పట్ల మూటలు గాడిదల మీద కట్టి, దగ్గరి దారి వదిలేసి ఆర్గిరిస్ చెస్ట్‌నట్ అడవి చుట్టూ తిరిగే దారి పట్టాడు. ఎందుకని మలామో అడగలేదు. అతని పక్కనే నడిచింది. ఆ దారంతా అతని నోటికి అడ్డే లేకపోయింది, ఆమెకీ అంతే. అమ్మల గురించి, ఆపిల్ తోటల గురించి, రిగాస్ పిచ్చి గొంతు గురించి, సముద్రంలో పోయిన మనిషి గురించి మాట్లాడుకున్నారు. గాడిదలు ఆగిన చోటల్లా వాళ్లూ ఆగారు. రోడ్డు కనపడేసరికి, ఇంకా చెప్పుకోవాల్సింది సగం కూడా కాలేదు. కింద లారీ అప్పటికే వచ్చి నిలబడి హారన్ కొడుతోంది.