ట్రంకుపెట్టె మూతలో పొడుగాయన

మా ఆఫీసులో కొత్తగా చేరిన కిరణ్‌కి పాత బాస్కెట్‌బాల్ కార్డులు పోగుచేసే పిచ్చి. మొన్న ఎక్కణ్ణుంచో తెప్పించుకున్న పాత ప్యాకెట్టొకటి నా బల్ల దగ్గరే విప్పాడు. తీపి పొడీ, ముక్కిపోయిన అట్టా కలిసిన వాసన ముక్కుకు తగిలేసరికి నేను తెనాలిలో, సండే స్కూలు చాప మీద కూర్చుని ఉన్నాను. ఒకప్పుడు వాటిని బబుల్‌గమ్‌తో కలిపి అమ్మేవారనీ, అమెరికా పిల్లలు సైకిలు చక్రం పుల్లల్లో దోపి టపటపలాడించేవారనీ, తల్లులు ఇల్లు సర్దుతూ పారేసేవారనీ, అలా పోగా మిగిలినవి కాబట్టే ఇప్పుడింత గిరాకీ అనీ కిరణ్ చెప్పుకుపోతున్నాడు. నేను ఊకొడుతూనే ఉన్నాను.

మా సండే స్కూలు దీనమ్మ టీచరుగారికి ఏటా విదేశీ మిషనరీల నుంచి పార్సిలు వచ్చేది. అందులో విదేశాలవాళ్లు వాడేసిన క్రిస్మస్ కార్డులుండేవి. ఆవిడ రాతలున్న సగం కత్తిరించేసి, మంచు కప్పిన చర్చిలూ గొర్రెపిల్లలూ ఉన్న సగాన్ని బైబిలు వాక్యం అప్పజెప్పిన పిల్లలకు బహుమతిగా ఇచ్చేవారు. ఎనభైల చివర్లో ఒక ఏడు పార్సిలు అడుగున బనియన్లు తొడుక్కున్న పొడుగాటి మనుషుల అట్టముక్కలు ఓ కట్ట తేలింది. వాళ్లెవరో ఆవిడకూ తెలియదు. చర్చివాళ్లు పంపారంటే భక్తిపరులే అయివుంటారని తేల్చేసి, చిన్న కీర్తనకు పొట్టివాణ్ణీ పెద్ద కీర్తనకు పొడుగువాణ్ణీ ఇవ్వడం మొదలుపెట్టారు.

కార్డు వెనక ఆ మనిషి ఎత్తూ బరువూ అచ్చేసి ఉండేవి. అసలు ఆటేమిటో తెలియని మేం మా ఆట మేమే కట్టుకున్నాం. 'ఎత్తు' అనో 'బరువు' అనో పిలిచి ఇద్దరం కార్డులు వెయ్యడం, పెద్ద అంకె ఉన్నవాళ్లు రెండూ ఎగరేసుకుపోవడం. రేపల్లెలో అమ్మమ్మ దగ్గరుండి చదువుకునే మా పెద్దమ్మ కూతురు సలోమికీ అక్కడి చర్చిలో ఇలాంటివే దొరికాయి. రంగు కాగితాల నక్షత్రం కింద, గులాబీ పూల అచ్చు పిండివంట కరకరా నములుతూ, క్రిస్మస్ సెలవుల్లో అది నా మంచి కార్డులన్నీ గెలుచుకుంది. ఎంత ఏడ్చానో నాకే తెలుసు. వాటిని మళ్లీ రాబట్టాలంటే ఉన్నది ఒక్కటే దారి, దీనమ్మగారు బైబిల్లో దాచుకున్న ఆకుపచ్చ బనియను పొడుగాయన. చేతులు రెండూ ఆకాశానికెత్తి, కళ్లు పైకి పెట్టి నిలబడ్డ ఆయన్ని, కీర్తనల్లోకెల్లా పొడుగైనది అప్పజెప్పినవాళ్లకే ఇస్తానన్నారావిడ. బావి దగ్గరా, బడికి పోయే దారిలోనూ, జ్వరంలోనూ వల్లించి ఈస్టరు ముందొచ్చే మట్టల ఆదివారం నాటికి ఆయన్ని సంపాదించాను.

ఎండాకాలం సెలవులివ్వగానే ఆయన్ని గౌను జేబులో పెట్టుకుని రేపల్లె పాసింజరెక్కాను. రైసుమిల్లుల ఊక వాసన, అమ్మమ్మ పెట్టిన రొయ్యలు వంకాయ కూర, వాకిట్లో ఒలిచిన ముంజలు, వేటి మీదా నాకు ధ్యాస లేదు. అన్నాలు తిన్నాక ఆడదామని సలోమీ నేనూ ఒప్పందం చేసుకున్నాం. ఆయన్ని చాప మీద పెట్టి, చెయ్యి కడుక్కుని వచ్చేసరికి అమ్మమ్మ తన కంచంలోంచి నాలుగు మెతుకులు తీసి వేలితో మెదిపి, తన ట్రంకుపెట్టె మూత లోపల, యేసుప్రభువు పటం పక్కన, మా పొడుగాయన్ని అతికించి అరచేత్తో గట్టిగా ఒత్తుతోంది.

"చేతులెత్తి ప్రార్థన చేసుకునే మనిషిని నేల మీదేసి ముక్కలాడతారంటే మీరు?" అంది.

ఎత్తూ బరువూ అట్ట వెనక ఉండిపోయాయి. గోటితో గీకబోతే అంచు లేచింది, అమ్మమ్మ నా చెయ్యి తోసేసింది. సలోమి పకపకా నవ్వింది.

అదే సెలవుల్లో బాపట్లలో పిన్ని ఇంటికి వెళ్లినప్పుడు, ఒక కాలేజీ ఆవరణలో ఆడపిల్లలు బంతిని ఇనప రింగులోకి విసరడం చూశాను. బంతి వెళ్లిపోయాక కూడా వాళ్ల చేతులు అలాగే పైన నిలిచిపోయేవి. పొడుగాయన చేస్తున్నదేమిటో అప్పుడర్థమైంది. రేపల్లె తిరిగొచ్చీ రాగానే కసిగా చెప్పాను.

"ఆయన ప్రార్థన చేసుకోవట్లా అమ్మమ్మా, బంతాడుతున్నాడు."

అమ్మమ్మ పెట్టె తెరిచి కాసేపు ఆయన్ని చూసింది. "ఆడుకోనీలే. చేతులైతే పైకెత్తాడుగా," అని మూతేసింది.

మిగిలిన కార్డులు బిస్కెట్ల డబ్బాలో దాచుకున్నాను. ఒక వానాకాలం తెనాలి ఇల్లు కారి, డబ్బా నిండా నీళ్లు చేరి, అన్నీ ముద్దయిపోయాయి. సలోమివి వాళ్ల తమ్ముళ్లు చింపి గాలిపటాల తోకలకు కట్టారు. పార్సిళ్లు రావడం మానేశాయి, దీనమ్మగారు పోయారు, రేపల్లె ఇల్లు వేరేవాళ్లదైంది. అమ్మమ్మ ట్రంకుపెట్టె మాత్రం నేను తెచ్చుకున్నాను.

ఆదివారం కిరణ్‌ని ఇంటికి పిలిచి పెట్టె తెరిచాను. నాఫ్తలీను ఘాటులో, రంగు వెలిసిన ప్రభువు పటం పక్కన పొడుగాయన చేతులెత్తుకునే ఉన్నాడు. కిరణ్ మోకాళ్ల మీద కూర్చుని చాలాసేపు చూశాడు.

"ఆవిరి పడితే ఊడొస్తుందేమోనండి మేడమ్. వెనక ఏముందో చూడొచ్చు."

"వెనకేముందో నాకు తెలుసు బాబూ. మా అమ్మమ్మ కంచంలో అన్నం."