ఆగమని అడిగినందుకు

ఆ కబురు నాకు మొదట తెచ్చింది మా మరదలు. కైకలూరులో మొదటి బస్సెక్కి, విజయవాడ బస్టాండులో దిగి, ఆటో కోసం కూడా చూడకుండా మా ఇంటిదాకా నడిచి వచ్చింది. నేను అప్పుడే దీపం పెట్టి లేస్తున్నాను. గుమ్మంలోనే నిలబడి, "వదినా, మీ తమ్ముణ్ణి తీసుకెళ్లారు" అంది. కాఫీ ఇస్తే ముట్టలేదు. కాసేపటికి కూర్చుని జరిగిందంతా చెప్పింది.

రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్లయిన రోజులవి. మా పుట్టింటివాళ్లు కొల్లేటి ఒడ్డున చేపలు పట్టుకుని బతికేవాళ్లు. అక్కడ ఒక చేపల చెరువుకు కాపలా ఉండే పెద్దాయన్ని ఎవరో కొట్టి చంపారు. చంపినవాడు పారిపోతూ ముళ్లకంచె దాటినట్టున్నాడు, తీగెకు రక్తం అంటుకుంది. ఆ రక్తం ఎవరిదో డీఎన్‌ఏ పరీక్షలో తేలిపోతుందని, పోలీసులు మా పేటలో మగవాళ్లందరినీ వ్యానెక్కించి ఆసుపత్రికి తీసుకెళ్లారు. అందరూ చెయ్యి చాపారు. మా తమ్ముడు చాపలేదు.

వాడు అప్పుడు భవానీ దీక్షలో ఉన్నాడు. ఎర్రబట్టలు, మెడలో మాల, ఒంటిపూట భోజనం, నేలమీద పడక. దీక్షలో ఉన్నవాళ్లు గడ్డం గీసుకోరు, గోళ్లు తీసుకోరు. ఒంటికి కత్తి తగలకూడదన్నప్పుడు సూది మాత్రం ఎలా తగలనిస్తానన్నాడట. కొండకెళ్లి అమ్మవారికి ఇరుముడి ఇచ్చి మాల తీశాక, పిలవకపోయినా వచ్చి రక్తం ఇస్తానన్నాడట. ఆ రోజు ఎంతో దూరంలో కూడా లేదు.

"తప్పు చెయ్యనోడికి సూదంటే భయమెందుకు?" అన్నాడట ఎస్సై. ఆ ఒక్క మాటతో వాడు హంతకుడైపోయాడు. చనిపోయిన మనిషిని వాడు బాబాయ్ అని పిలిచేవాడు. పొద్దున్నే వల తీసుకుని వెళుతూ ఆయనకు టీ పట్టుకెళ్లేవాడు. అదెవరికీ గుర్తు రాలేదు.

మా ఆయన్ని వెంటబెట్టుకుని స్టేషనుకు వెళ్లాను. చెరువు యజమాని ఇంట్లో మగవాళ్లున్నారు, డ్రైవర్లున్నారు, మేత వేసేవాళ్లున్నారు. వాళ్లలో ఒకరితో పెద్దాయనకు గొడవైందని పేటంతా చెప్పుకుంటోంది. వాళ్లలో ఒక్కరినీ ఆసుపత్రికి పిలవలేదు. ఎందుకని ఎస్సైని అడిగాను.

"వాళ్లమీద మాకు అనుమానం లేదమ్మా."

"మా వాళ్లందరిమీదా ఉందాండీ?"

"ఇచ్చినవాళ్లమీద పోయింది" అన్నాడు, ఫోను తీసుకుంటూ.

ఇన్నేళ్లయినా ఆ మాట నాకు మింగుడుపడలేదు. అడిగినవాడు అనుమానించొచ్చట, అడిగించుకున్నవాడు మాత్రం మారు మాట్లాడకూడదట. అసలు ఎవరూ అడగనే అడగనివాళ్లు పుట్టుకతోనే మంచివాళ్లు.

దీక్ష ఇప్పించిన గురుభవాని దగ్గరకు వెళ్లి అడిగాను. ఆయన నవ్వి, జ్వరమొస్తే ఇంజెక్షను చేయించుకోమా తల్లీ, సూదికి దోషం లేదన్నారు. మంచి మాట చెప్పారని దణ్ణం పెట్టుకుని, పరుగున వెళ్లి ఊచల అవతల ఉన్న తమ్ముడికి చెప్పాను. ఇచ్చెయ్యరా, ఇంటికి వచ్చేద్దువుగాని అన్నాను. వాడు మెడలో మాల పట్టుకున్నాడు.

"ఆయన చెప్పింది నిజమే అయ్యుంటుందక్కా. కానీ నేను అమ్మవారికి మాటిచ్చేశాను కదా."

నాకు ఆ తర్వాత బతిమాలాలనిపించలేదు.

కోర్టులో ప్రభుత్వం తరఫు వకీలు, నిర్దోషి అయితే ఎందుకు వద్దంటాడు, వద్దనడమే సాక్ష్యం అని గట్టిగా వాదించాడు. మేజిస్ట్రేటుగారు తమ్ముణ్ణి సూటిగా అడిగారు. వాడు చేతులు కట్టుకుని చెప్పాడు: "నేను ఇవ్వనన్లేదయ్యా. ఆగమంటున్నాను."

మొక్కుల కోసం కోర్టు ఆగదన్నారు. రక్తం తీయమని ఉత్తర్వు ఇచ్చారు.

ఇంట్లో అమ్మ దగ్గర నేర్చుకున్న చదువే నాది. చట్టం నాకు తెలియదు. కానీ ఒకటి అడుగుతాను. ఆ రక్తం హైదరాబాద్ ల్యాబుకు వెళ్లి నెలల తరబడి వంతు కోసం కూర్చుంది. దానిమీద ఎవరూ విసుక్కోలేదు. సీసాలో ఉన్నప్పుడు ఆగగలిగిన రక్తం, మనిషి ఒంట్లో ఉండగా కొన్ని రోజులు ఆగితే ఏం మునిగిపోయేది? పారిపోతాడంటారా, వాడు అప్పటికే లాకప్పులో ఉన్నాడు.

ఆసుపత్రిలో ఏం జరిగిందో తర్వాత వాడే చెప్పాడు. వాణ్ణి కదలకుండా పట్టుకోమని ఒక కానిస్టేబులుకు చెప్పారట. ఆయన కూడా ఏటా మాల వేసుకునేవాడే. జీపెక్కించేటప్పుడు కూడా "భవానీ, కాస్త తల వంచుకోండి, తగులుద్ది" అన్నాడట. మాలలో ఉన్న మనిషి మీద చెయ్యి వెయ్యడానికి ఆయనకు మనసొప్పలేదు. అందుకని ముందు మాల తీసేశాడు. తీసి, కళ్లకద్దుకుని, జేబులో భద్రంగా పెట్టుకుని, అప్పుడు మా తమ్ముడి రెక్కలు విరిచి పట్టుకున్నాడు.

అంత భక్తి ఉన్నవాడికి ఇంత పని చెయ్యడం ఎలా వచ్చింది? పేటవాళ్లు ఇరుముడులు కట్టుకుని కొండకు వెళ్లిన రోజు మా తమ్ముడు సబ్‌జైల్లో ఉన్నాడు.

ఎండాకాలంలో రిపోర్టు వచ్చింది. కంచెమీది రక్తం వాడిది కాదు. పేటలో ఎవరిదీ కాదు. ఆ పరీక్ష చేసిన చేతులెవరివో నాకు తెలియదు. ఉన్నది ఉన్నట్టు రాసినందుకు రోజూ పూజలో వారికి నమస్కారం చెప్పుకుంటాను. పరీక్ష మీద నాకు కోపం లేదు. అది మా తమ్ముణ్ణి ఇంటికి పంపింది. సూది ఎవరి చేతికి గుచ్చాలో, ఎవరి గడప తొక్కకూడదో ముందే తేల్చుకున్న మనుషుల మీదే నా కోపమంతా. ఆగమన్నవాణ్ణి దోషి అన్నవాళ్లలో ఒక్కరూ వచ్చి పొరపాటైందనలేదు.

వాడు మళ్లీ మాల వెయ్యలేదు. ఒకసారి ఇచ్చిన మాట నిలబడలేదు, మళ్లీ ఏ మొహంతో ఇచ్చేదంటాడు. ఇదంతా రాస్తానని చెబితే, "నాదేముందక్కా, నేను ఇంటికొచ్చాను. బాబాయ్ సంగతి రాయి" అన్నాడు.

నిజమే. మా తమ్ముడు కాదని తేలాక, మరెవరని ఎవరూ వెతకలేదు. చెరువు యజమాని ఇంటివాళ్ల నుంచి చుక్క రక్తం అడగకుండానే కేసు మూలపడింది. చెరువు గట్టుమీద ఒంటరిగా చచ్చిపోయిన ఆ కాపలా పెద్దాయనకు పిల్లల్లేరు, అడిగేవాళ్లు లేరు. ఇది చదివినవాళ్లు మీ ఇంట్లో దీపం పెట్టేటప్పుడు ఒక్కసారి ఆయన్ని తలుచుకోండి.