ఖాళీ బిందెల వాకింగ్

ఆ రోజుల్లో జనం నడవకపోవడానికి కారణం బద్ధకమేనని నేను గట్టిగా నమ్మేదాన్ని. ఇరవై రెండేళ్ళ వయసు, ఒక ఆరోగ్య సంస్థలో మొదటి ఉద్యోగం. పూండి దగ్గర ఒక ఊళ్ళో ఆడవాళ్ళ చేత సాయంత్రం పూట వాకింగ్ చేయించాలి. నెలాఖరుకి పది మందైనా రాకపోతే ఉద్యోగం ఉండదని మా పెద్దసారు ముందే చెప్పారు. వారం రోజులు కొబ్బరితోటల మధ్య సిమెంటు రోడ్డు మీద నేనొక్కదాన్నే నడిచాను (వెనక ఒక మేక వచ్చేది గాని, దాన్ని రిజిస్టరులో రాసే వీలు లేదు).

చివరికి నేను అద్దెకున్న ఇంటి పెద్దమ్మని అడిగాను. పగలంతా జీడిపిక్కలు ఒలిచి, మోకాళ్ళు పట్టేసి, అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది ఆవిడ. "నడకంటే మాకేటి బయ్యం? పనేటీ లేకండా రోడ్డంట తిరిగితే ఊరేటనుకుంటాది? కల్వర్టు కాడ మగోళ్ళు పేకాడతంటారు. ఎక్కడికెల్తన్నావని అడిగితే ఏటి సెప్పమంటావు?" అంది. అంతలో మళ్ళీ తనే, "సంకలో బిందుంటే ఎవుడూ అడగడు" అంది.

మర్నాడు నలుగురు, వారం తిరిగేసరికి పద్నాలుగు మంది, ఖాళీ బిందెలతో ఊరి చివరిదాకా వెళ్ళి ఖాళీ బిందెలతోనే తిరిగొచ్చేవారు. నేనూ ఒక ప్లాస్టిక్ బిందె కొనుక్కున్నాను. పేకాటవాళ్ళు తలెత్తి చూడలేదు. గర్వంగా ఫోటో తీసి పెద్దసారుకి పంపాను. అది ఎన్ని ఫోన్లు తిరిగిందో గాని, రెండోరోజు సాయంత్రం ఊళ్ళోకి నీళ్ళ ట్యాంకరు, దాని వెనకే జీపులో ఒక అధికారి వచ్చారు. "ఎన్నాళ్ళ నుంచి నీళ్ళు లేవమ్మా?" అని ఆయన అడిగితే పద్నాలుగు మందీ నా వైపు చూశారు. కుళాయిలు రోజూ వస్తున్నాయని, ఇది వాకింగ్ అని చెప్పాను. ఆయన నమ్మలేదు.

అప్పుడు పెద్దమ్మ ముందుకొచ్చింది. "నీల్లున్నాయి బాబూ. మేం నడవడానికే దారి నేదు. ఆ కల్వర్టు కాడ ఒక లైటెయ్యించి, ఆల్లని లేపితే సాలు." అధికారి అటు తిరిగేసరికి పేకముక్కలు లుంగీల్లోకి వెళ్ళిపోయాయి. నెల తరవాత లైటు వచ్చింది, పేకాట తోటల్లోకి మారింది, ఆడవాళ్ళు బిందెలు ఇంట్లో పెట్టి రావడం మొదలుపెట్టారు. నా ఉద్యోగం నిలిచింది (రిపోర్టులో ఇదంతా నా ఆలోచనేనని రాశాను).

పన్నెండేళ్ళ తరవాత మొన్న పనిమీద ఆ ఊరు వెళ్ళాను. సాయంత్రం రోడ్డు నిండా ఆడవాళ్ళే. నన్నెరగని ఒక కొత్త కోడలు నన్ను పైనుంచి కిందికి చూసి, "ఆంటీ, మీరూ రండి. మెల్లగే నడుద్దాం" అంది. వెళ్ళాను. నాకోసం రెండుసార్లు ఆగింది. ఈ ఊళ్ళో నడక మొదలుపెట్టింది నేనేనని చెబుదామనుకున్నాను గాని, మాట్లాడడానికి ఊపిరి మిగల్లేదు.