కుర్చీ ఖాళీ చేసినా ఆగని లెక్క

మొన్న మా మనవరాలు నా ఫోను లాక్కుని, "నానమ్మా, పీఛే ఎన్ని యాప్‌లు నడుస్తున్నాయో చూడు, అందుకే బ్యాటరీ ఖతం" అంటూ అన్నీ మూసేసింది. నన్నొక్క మాట అడగలేదు, అది గుర్తుపెట్టుకుంటాను. కానీ కనబడకుండా వెనక పని నడవడమనే మాట వినగానే, ఇదే భిలాయిలో, ఉక్కు ప్లాంటుకు లెక్కలు చేసిపెట్టే చిన్న ఆఫీసులో నేను చేరిన రోజులు గుర్తొచ్చాయి.

మా గదికి కంప్యూటర్ టెర్మినల్ ఒక్కటే. సీనియర్ వచ్చి కుర్చీ వెనక నిలబడితే జూనియర్ లాగౌట్ చేసి లేవాలి, అది మా రివాజు. లాగౌట్ చేస్తే నడుస్తున్న ప్రోగ్రాం కాస్తా ఆగిపోయేది. నా సీనియర్ ఎవరో కాదు, మా అక్క మొగుడే. పూటంతా పట్టే బొగ్గు మిశ్రమం లెక్క మొదలుపెట్టి కూర్చోగానే వచ్చి, "ఏటే మరదలా, ఈ కుర్చీ మీ నాన్న చేయించి పంపాడేటి? లే లే" అనేవారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను. ఆ వారంలోగా లెక్క తేలకపోతే నన్ను మళ్లీ నా పాత టైపింగ్ గదికి పంపేస్తానని పెద్దసారు తేల్చి చెప్పేశారు.

కోపం సంగతి అలా ఉంచితే, నేను ఎదురుగా కూర్చుంటేనే లెక్క నడుస్తుందా అనే అనుమానం నన్ను తొలిచేది. మాన్యువల్ తిరగేస్తే, ఆదేశం చివర చిన్న గుర్తు చేరిస్తే ప్రోగ్రాం వెనక నడుస్తుందని ఉంది. చేర్చాను. తెర వెంటనే నాకు ఖాళీ అయింది. లోపల నిజంగా నడుస్తోందా అని, పొయ్యి మీది గిన్నె మూత తీసి చూసినట్టు మాటిమాటికీ చూసుకున్నాను. బావగారు రాగానే ధీమాగా లాగౌట్ చేసి లేచాను. తిరిగొచ్చి చూస్తే లెక్క మళ్లీ ఆగిపోయి ఉంది. నా లాగిన్‌లో పుట్టింది కనుక నాతోపాటే పోయిందట! నేను వెళ్లినా ఆగొద్దని ముందే చెప్పే ఆదేశం వేరే ఉందని మర్నాడు కనిపెట్టాను.

ఆ రోజు దానితోనే లెక్క మొదలుపెట్టి, ఆయన నోరు తెరవకముందే లాగౌట్ చేసి లేచి, క్యాంటీన్‌లో నిదానంగా పోహా తిని వచ్చాను. బావగారు టెర్మినల్‌ను తడుతూ, "క్యా భయ్యా, ఈవేళ మెషీన్ ఇంత స్లోగున్నాదేటి?" అని గదంతా అడుగుతున్నారు. లోపల నా లెక్క కూడా నడుస్తోంది మరి; నేను ఫైళ్లు సర్దుకుంటూ కూర్చున్నాను. సాయంత్రానికి లెక్క తేలింది, టైపింగ్ గది తప్పింది.

ఇప్పుడు ఎవరి మెషీన్ వారిది, ఎవరూ ఎవరినీ లేపనక్కర్లేదు, పక్కవాడు ఏం నడుపుతున్నాడో అడిగే అలవాటే పోయింది. నన్నంత తొందరగా లేపి మీరు నడిపేదేమిటని నేను బావగారిని ఒకసారి అడిగాను. "నీకెందుకే" అన్నారు. మళ్లీ అడుగుదామనుకుంటూనే ఉన్నాను. ఆయన పోయారు, నాకింకా తెలుసుకోవాలనే ఉంది.