రిజల్ట్స్ రాకముందే చెప్పాల్సిన జవాబు

ఇంటర్ పరీక్షలు రాసి ఇంట్లో కూర్చున్న ఎండాకాలంలో రెండు యూనివర్సిటీలు నాకు సీటు ఇస్తామన్నాయి. ఒకటి వేరే రాష్ట్రంలోని ప్రభుత్వ యూనివర్సిటీ. ఫిజిక్స్‌లో ఐదేళ్ల కోర్సు, హాస్టల్, ఒక పగలూ ఒక రాత్రీ రైలు ప్రయాణం. రెండోది మన ఊరి శివార్లలోని ప్రైవేటు యూనివర్సిటీ. కంప్యూటర్ కోర్సు, ఫీజులో రాయితీ, పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి ఇంట్లో ఉండొచ్చు. దూరపు దానికి ఒక షరతు ఉంది. ఇంటర్‌లో వాళ్లు చెప్పినన్ని మార్కులు రావాలి, రాకపోతే సీటు పోతుంది. దగ్గరి దానికి పాసైతే చాలు.

చిక్కల్లా ఒకటే. రెండూ రిజల్ట్స్ రాకముందే జవాబు చెప్పమన్నాయి. రెండిటికీ ముందస్తు ఫీజు కట్టే స్తోమత మాకు లేదు. ఏదో ఒకటే పట్టుకోవాలి, రెండోది వదులుకోవాలి. నాకు మార్కులు ఎన్ని వస్తాయో నాకే తెలియదు. లెక్కల పేపర్ బాగా రాశాను. భయమంతా ఫిజిక్స్ పేపర్ మీదే.

ఇలాంటివి మా ఇంట్లో తేల్చేది బాపు, మా నాన్న. కంచన్‌బాగ్‌లో ఒక లోహాల ఫ్యాక్టరీలో క్రేన్ నడిపేవాడు. ఏది అడిగినా ముందు "సార్లను అడిగి చెప్త" అనేవాడు. టెన్త్ అయ్యాక నేను ఏ గ్రూపు తీసుకోవాలో క్యాంటీన్‌లో కనిపించిన ప్రతి ఇంజనీర్‌నూ అడిగాడు. రోజూ సాయంత్రం వాళ్ల మాటలు ఇంటికి మోసుకొచ్చి అమ్మకు వినిపించేవాడు. ఒకాయన బైపీసీ అన్నాడు, ఒకాయన పాలిటెక్నిక్ అన్నాడు. అందరిదీ విని చివరికి తానే అన్నాడు: "ఎంపీసీ తీస్కో బిడ్డా. నీకు లెక్కలంటే ఇష్టం కదా. ఇగ వేరేటోళ్లతోని ఏం పని?" నాకు నవ్వొచ్చింది. అంతమందిని అడగడం ఎందుకో అప్పుడు అర్థం కాలేదు.

ఇంటర్ పరీక్షలకు ముందరి చలికాలంలో ఒక పొద్దున బాపు, డ్యూటీకి బయల్దేరుతూ బూట్ల లేసు కట్టుకోవడానికి వంగినవాడు వంగినట్టే పక్కకు ఒరిగిపోయాడు. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక కాలు కొద్దికొద్దిగా కదిలింది. మాట మాత్రం పోయింది. మొత్తం పోయినా ఒక తీరుగా ఉండేదేమో, ఒక్క మాట మిగిలింది. "గట్లనే." నీళ్లు కావాలంటే గట్లనే. ఫ్యాన్ ఆపాలంటే గట్లనే. కోపం వస్తే గట్టిగా గట్లనే, ఏడుపొస్తే మెల్లగా గట్లనే.

"ఆయనకు మీరు మాట్లాడేది చాలావరకు అర్థమవుతుంది," అన్నాడు డాక్టర్. "చెప్పాలనుకునేది కూడా లోపల ఉంటుంది. నోటిదాకా వచ్చేసరికి ఈ మాటే వస్తుంది. దాన్ని అవునని అనుకోవద్దు, కాదని కూడా అనుకోవద్దు."

"మళ్ల మాట్లాడుతడా సార్?" అని అమ్మ అడిగింది.

"కొందరికి కొంత వస్తుంది. చెప్పలేం."

మేముండేది ఫలక్‌నుమాలో, స్టేషన్ వెనకాల గల్లీలో. మా గోడకు ఆనుకుని ఒక గ్రైండింగ్ వర్క్‌షాప్, దాని పైన నేను ఖాలా, అంటే పిన్ని, అని పిలిచే ఆమె ఇల్లు. నేను పుట్టకముందు నుంచీ అమ్మకూ ఆమెకూ స్నేహం. అమ్మ చీరలకు ఫాల్స్ కుట్టి షాపుల్లో ఇచ్చి రావడానికి వెళ్లినప్పుడు, నేను కాలేజీలో ఉన్నప్పుడు, ఖాలానే వచ్చి బాపు దగ్గర కూర్చునేది. బాపుతో ఎలా మాట్లాడాలో మాకంటే ముందు ఆమెకే తెలిసింది. "గట్లనే" అంటే సరిపోయే మాటలే అనేది. "ఎండ మస్తుగున్నది కదా భాయ్?" "గట్లనే." "మా పోరగాళ్లు చెప్పిన మాట వింటలేరు భాయ్." "గట్లనే." అలా చాలాసేపు ఇద్దరూ ముచ్చట పెట్టుకున్నట్టే ఉండేది. బాపు ముఖం ఆ కాసేపే తేటగా కనిపించేది.

సీట్ల సంగతి ముందు అమ్మకు చెప్పాను. ఒళ్లో చీర, వేళ్ల మధ్య సూది పట్టుకుని అంతా విన్నది.

"నీ ఇష్టం బిడ్డా," అంది.

"నాకు తెలుస్తలేదమ్మా. నువ్వు చెప్పు."

"నాకేం ఎరుక? చదివేది నువ్వు. నీ ఇష్టం."

బాపు మెడికల్ కాగితాలు ఇవ్వడానికి అమ్మా నేనూ ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వెళ్లినప్పుడు, బాపు తరచూ చెప్పే సార్లలో ఒకాయన బయటికొచ్చి మమ్మల్ని పలకరించాడు. బాపు ఎలా ఉన్నాడని అడిగి, జేబులోంచి రుమాలు తీసి కళ్లద్దాలు తుడుచుకున్నాడు. నేను ధైర్యం చేసి రెండు సీట్ల సంగతీ అడిగాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. "రెండూ మంచివేనమ్మా. నీ ఇంట్రెస్ట్‌ను బట్టి ఉంటుంది," అన్నాడు. ఇంట్రెస్ట్ ఫిజిక్సే అని చెప్పాను. "అయితే అది తీసుకో. కాకపోతే ఇంట్లో పరిస్థితి కూడా చూసుకోవాలి కదా," అన్నాడు.  ఇలాంటి మాటలు పదిమంది నుంచి తెచ్చుకుని, వాటిలోంచి ఒక నిర్ణయం ఎలా తీసేవాడో బాపు! నాకు ఒక్కరి మాటే బరువైపోయింది.

గడువు దగ్గరపడిన ఆదివారం కాక వచ్చాడు. కాక అంటే బాపు తమ్ముడు, ఉస్మాన్‌గంజ్‌లో ఒక హోల్‌సేల్ కిరాణా దుకాణంలో పనిచేస్తాడు. ఎప్పుడొచ్చినా బట్టల్లోంచి ఎండుమిర్చి వాసన వచ్చేది. బాపు పడిపోయిన రోజు నుంచీ పని మానుకుని మరీ ఆసుపత్రుల చుట్టూ తిరిగినవాడు. ఆయన మాట తీసేయడానికి లేదు.

"ఇంత దూరమెందుకు వదినా?" అన్నాడు కూర్చోగానే. "అన్నను లేపాలె, కూసోబెట్టాలె. నువ్వొక్కదానివి ఎట్ల చేస్తవ్? ఈడ మంచి కాలేజే వచ్చింది కదా."

"దానికి ఫిజిక్స్ అంటే పానం," అంది అమ్మ.

"పానమైతే ఈడ చదవొద్దా?"

"వాళ్ల బాపు ఉంటే పంపుతుండె."

ఆ మాట ఎలా వచ్చిందో అమ్మకే తెలియదు. బాపు అక్కడే, మంచం మీద, దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. గదిలో ఉన్న మేమందరం ఒక్కసారే ఆయన వైపు చూశాం. కాక లేచి వెళ్లి మంచం అంచున కూర్చుని, బాపు ఎడమ చెయ్యి పట్టుకున్నాడు.

"అన్నా, ఇంటున్నవ్ కదా? బిడ్డకు దూరంల సీటొచ్చింది. పంపుదామా?"

"గట్లనే," అన్నాడు బాపు.

అమ్మ ముఖం వెలిగింది. "చూసినవా?"

"ఆగు వదినా. అన్నా, లేకుంటే ఈడనే ఉంచుకుందామా? మన కండ్ల ముందట?"

"గట్లనే."

కాక పట్టుకున్న చెయ్యి వదిలేశాడు. బాపు మా ముగ్గురి ముఖాలూ చూశాడు. తాను ఏమన్నాడో ఆయనకు వినబడింది. తల అడ్డంగా ఊపాడు, మళ్లీ నిలువుగా ఊపాడు. పెదవులు బిగించి, గొంతులోంచి ఏదో పైకి తోస్తున్నట్టు మెడ నరాలు ఉబ్బాయి. "గ... గట్ల... గట్లనే!" అని అరిచాడు. ఎడమ చేత్తో మంచం పట్టెను కొట్టాడు, మళ్లీ కొట్టాడు. కళ్లలోంచి నీళ్లు కారుతుంటే తుడుచుకోలేదు.

అరుపు విని ఖాలా కిందికి పరుగెత్తుకొచ్చింది. ఏం జరిగిందో తెలుసుకుని కాకను గదమాయించింది. "గిట్ల అడుగుతారా మనిషిని? అల్లా! భాయ్‌ని ఎందుకు ఏడిపిస్తుర్రు మీరు?" కాక గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఆయన కూడా ఏడుస్తున్నాడని భుజాలు చూస్తే తెలిసింది.

అప్పటిదాకా నేను ఒకటి నమ్ముకుని ఉన్నాను. బాపుకు ఇప్పుడు ఏ అభిప్రాయమూ లేదని, అందుకే నేనే తేల్చుకోవాలని. ఆ మధ్యాహ్నం అది పోయింది. ఆయన దగ్గర నా ప్రశ్నకు జవాబు ఉంది. ఫలానాది తీసుకో అని ఆయన మనసులో స్పష్టంగా ఉంది. అది నాకు అందే దారి మాత్రం లేదు.

మర్నాడు అమ్మ షాపులకు వెళ్లాక ఇంకోసారి ప్రయత్నించాను. అడగలేదు, చూపించాను. ఫోన్‌లో దూరపు యూనివర్సిటీ ఫొటో తెరిచి ఆయన ముందు పెట్టాను. పక్కనే అమ్మ ఇంట్లో వదిలి వెళ్లిన ఫోన్‌లో దగ్గరి దాని ఫొటో పెట్టాను. "ఏది కావాల్నో దాని మీద చెయ్యి పెట్టు బాపూ. మాట్లాడకు," అన్నాను. బాపు రెండింటినీ చాలాసేపు చూశాడు. ఎడమ చెయ్యి లేచింది. రెండు ఫోన్లనూ దాటి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. గట్టిగా, క్రేన్ లివర్ పట్టినవాడి పట్టు. పోవద్దు అన్నాడా? పోయినా భయపడకు అన్నాడా? ఇక అడగకు, నా వల్ల కాదు అన్నాడా? నేను ఆ చేతిని విడిపించుకోలేక, ఆయనే వదిలేదాకా అలాగే కూర్చున్నాను. గోడ అవతల గ్రైండర్ ఇనుమును రాపాడుతూ ఉంది.

గడువు రోజు పొద్దున అమ్మ వంటింట్లో బియ్యం కడుగుతూ, నా వైపు తిరగకుండా అంది:

"నువ్వు ఈడుంటే నాకు సులువైతది. గందుకే నేను చెప్పలేను. నన్ను అడగకు బిడ్డా."

అది విన్నాక ఇక ఇంట్లో ఎవరినీ అడగలేదు. దూరపు దానికే ఒప్పుకున్నాను. ధైర్యం వచ్చి కాదు. అమ్మ అంత కష్టపడి దాచుకున్న మాటను తన నోటితోనే బయటపెట్టాక, నేను ఇక్కడే ఉండిపోతే అది తన వల్లే అని ఆమె జీవితాంతం అనుకుంటుందనిపించింది. అది సరైన కారణమో కాదో తెలియదు. ఆ రోజు నాకు దొరికిన కారణం అదొక్కటే. ప్రైవేటు యూనివర్సిటీ వాళ్లు ఫోన్ చేస్తే రావట్లేదని చెప్పాను. అవతల అమ్మాయి "ఓకే మేడమ్" అని పెట్టేసింది. నన్ను ఎవరో మేడమ్ అనడం అదే మొదటిసారి.

రిజల్ట్స్ రేపు అన్నారు, ఎల్లుండి అన్నారు, వచ్చే వారం అన్నారు. ఈలోగా కాక కొత్త సూట్‌కేసు తెచ్చి గుమ్మం దగ్గర పెట్టి వెళ్లాడు. ఖాలా నిమ్మకాయ ఊరగాయ పెట్టింది. అమ్మ బాపును ఒక్కతే లేపి కూర్చోబెట్టడం అలవాటు చేసుకుంటోంది. నేను సాయం చేయబోతే "ఉండు, నువ్వు లేనప్పుడు చేసుకోవాలె కదా" అనేది.

రిజల్ట్స్ ఒక మధ్యాహ్నం వచ్చాయి. పాసయ్యాను, మంచి మార్కులతోనే. కాకపోతే ఫిజిక్స్‌లో నేను భయపడ్డట్టే తగ్గాయి. యూనివర్సిటీ అడిగినదానికి కొంచెం కిందే ఆగాను. రీకౌంటింగ్ పెట్టాను, మారలేదు. యూనివర్సిటీకి మా ఇంటి పరిస్థితి రాశాను. విచారిస్తున్నామని, నియమాలు అందరికీ ఒకటేనని మర్యాదగా జవాబు వచ్చింది. ప్రైవేటు దానికి ఫోన్ చేస్తే ఆ కోర్సు నిండిపోయిందన్నారు. వేరే కోర్సుల్లో సీట్లు ఉన్నాయి, రాయితీ లేదు.

అమ్మ వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పి, నీళ్లు పోతుంటే అలాగే నిలబడింది. కాకకు ఫోన్లో చెప్తే "ఫికర్ చెయ్యకు, ఏదో ఒకటి చూద్దాం" అన్నాడు. ఆయన గొంతులో తన మాటే నెగ్గిందన్న ఛాయ కొంచెమైనా ఉంటే నాకు కోపం తెచ్చుకోవడానికి వీలుండేది. అది కూడా లేదు.

బాపుకు నేనే చెప్పాను. మంచం పక్కన కింద కూర్చుని, అక్కడా పోయింది బాపూ, ఇక్కడా పోయింది అని. ఆయన నా తల మీద చెయ్యి పెట్టి, మెల్లగా, అన్ని మాటలూ ఆ ఒక్కదానిలోనే పెట్టినట్టు అన్నాడు, "గట్లనే." అంతకుముందు ఎన్నిసార్లు విన్నానో ఆ మాట. ఆ రోజు మాత్రం దాన్ని పట్టుకుని గట్టిగా ఏడ్చాను.

తర్వాత డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లలో పాతబస్తీకి దగ్గరలోని ఒక ప్రభుత్వ మహిళా కాలేజీలో బీఎస్సీ సీటు వచ్చింది. దానికి ఎవరినీ అడగాల్సిన పని పడలేదు, వచ్చింది అదొక్కటే. ఇప్పుడు రెండో ఏడు. మా ఫిజిక్స్ మేడమ్ బాగా చెప్తుంది, ల్యాబ్‌లో పరికరాలు సగం పనిచేయవు. వంతు కోసం ఎదురుచూస్తూ కిటికీ దగ్గర నిలబడ్డప్పుడు, ఆ దూరపు ఊళ్లో ల్యాబ్ ఎలా ఉంటుందో అనుకుంటాను. అప్పుడప్పుడే, ఎక్కువగా కాదు.

బాపుకు స్పీచ్ థెరపీలో కొన్ని మాటలు వచ్చాయి. నీళ్లు, బస్సు, అన్నం, ఖాలా. అమ్మను పేరు పెట్టి పిలిచిన రోజు అమ్మ గల్లీ అంతా చెప్పొచ్చింది. మొన్న ఒక సాయంత్రం అన్నం తినిపిస్తూ, ఇన్నాళ్లూ లోపల పెట్టుకున్నది అడిగేశాను.

"బాపూ, ఆ రోజు కాక అడిగిండు కదా, నన్ను పంపాల్నా వద్దా అని. నువ్వు మంచాన్ని కొట్టినవ్. అప్పుడు ఏం చెప్పాలనుకున్నవ్?"

బాపు ముద్ద నమలడం ఆపాడు. నుదురు ముడిచి వెతుక్కున్నాడు. ఆయన వెతుకుతున్నది మాట కోసమా, జ్ఞాపకం కోసమా అని నేను చూస్తున్నాను.

"ఏ... రోజు?" అన్నాడు.

నిజంగానే అడుగుతున్నాడు. కళ్లలో దాచిందేమీ లేదు. ఆ మధ్యాహ్నం ఆయనలోంచి పూర్తిగా పోయింది, జవాబుతో సహా. నేను ఏమీ లేదని చెప్పి, పెరుగన్నం కలపడానికి లేచాను.