ముంపు అనే మాట

తొంభైలలో మా ఆర్మూరు వాడలో ఆడవాళ్లు అరుగు మీద బీడీలు చుడుతుంటే నేను పేపరు చదివి వినిపించేవాణ్ణి. పంతులునన్న దర్జా కొద్దీ అక్కడక్కడా నా మాటలూ కలిపేవాణ్ణి.

భూమి వేడెక్కి సముద్రం పెరుగుతోందనీ, మాల్దీవుల్లాంటి చోట్లు వందేళ్లలో మునగవచ్చనీ ఒకరోజు వార్త వచ్చింది. పక్కింటి వదిన భర్త అక్కడే మేస్త్రీ. ఆమె కంగారుగా తలెత్తేసరికి నాకు హుషారొచ్చింది. 'వందేళ్లు' మింగేశాను.

"మాల్దీవులన్నీ ముంపుల పోతయట వదినా!"

ఆకు కత్తిరిస్తున్న ఆమె చెయ్యి ఆగిపోయింది. "ముంపా సారూ?"

ఆమె పుట్టిన ఊరు పోచంపాడు డ్యాం నీళ్లలో పోయింది. నాకు ముంపంటే మునగడమే; ఆమెకు నోటీసు రావడం, ఇల్లు కొలవడం, దూలాలు ఊడదీసి బండికెత్తడం.

అప్పట్లో ఉత్తరాల బదులు మాటలు క్యాసెట్టులో నింపి పంపేవాళ్లు. "నోటీసు రాకముందే పని ఇడిచిపెట్టి వచ్చెయ్" అని ఆమె భర్తకు పంపిందట. ఆ సంగతి నా చెవినా పడింది. ఆయన ఎన్నాళ్లో తిరిగితే దొరికిన కొలువది. అయినా నిజం చెప్పకుండా, ఆమె కనబడితే సైకిలు పక్క సందులోకి తిప్పేవాణ్ణి.

నెల దాటాక జవాబు క్యాసెట్టు వచ్చింది. వాడంతా టేప్‌రికార్డర్ చుట్టూ చేరింది. వదిన నన్నూ పిలిపించింది. ముందు ఆమె భర్త పెద్ద నవ్వు వినిపించింది.

"ఏందే నీ ముంపు! గా సముద్రం లోపటికి రాకుండనే గోడ కడుతున్న నేను. నీళ్లు పెరిగినకొద్ది నాకు పనే. ఎవలు చెప్పిండ్రు, పంతులు సారేనా? ఆయనను జర గిటు తోలియ్యి, రాళ్లు మోపిస్త!"

అందరూ పగలబడి నవ్వారు. ఆ సందడిలోనే ధైర్యం తెచ్చుకున్నాను. "పేపర్ల వందేండ్లని ఉండె వదినా. నేనే మింగిన."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "వందేండ్లు మింగినవా సారూ! అరిగిందా మరి?"

శిక్షగా తర్వాతి క్యాసెట్టు నాతోనే మొదలుపెట్టించింది. "తప్పయింది అన్నా, మాఫ్ చెయ్యి" అని నేను ముగిస్తుండగా ఆమె అడ్డం వచ్చింది.

"సారూ, మా ఊరు మునిగితే మాకు గుట్ట పక్కపొంటి జాగలిచ్చిండ్రు. వందేండ్లకైనా గానీ, గా దీవోళ్లకు ఏడ ఇస్తరు?"

టేపు తిరుగుతూనే ఉంది. ఏదో ఒకటి చెప్పెయ్యాలని నాలుక దాకా వచ్చింది.

"నాకు తెల్వదు వదినా," అన్నాను.

ఆ అరుగు మీద నేను ఆ మాట అనడం అదే మొదటిసారి.